పసుపు ఎవరి మాట?

ఓడలరేవులో మావాళ్ళింట పెళ్ళి. పసుపుకొమ్ములకని కొట్టుకి వెళితే కొట్టాయన మంచిగానే అడిగాడు: "మీలో కూడా పసుపు రాస్తారాండీ?" రాస్తామని చెప్పి పొట్లం తెచ్చుకున్నాం. ఇంటికొచ్చేసరికి దూరపు చుట్టమొకాయన "హల్దీ హిందువుల రివాజు, మానెయ్యండి" అంటున్నాడు. ఆయనేమో మాకు పసుపు లేదనుకున్నాడు, ఈయనేమో ఉండకూడదన్నాడు. మధ్యలో మా పిల్ల పీటమీద కూచునుంది.

మతాన్ని అడిగితే గొడవ. మాటనే అడుగుదాం.

తెలుగు పసుపుకు తోబుట్టువులు పసరు, పసిడి, పచ్చ, పచ్చి. ఆకు రంగూ బంగారు రంగూ ఒకే ధాతువులోంచి వచ్చాయి. అందుకే పచ్చ అంటే మనకు రెండూను. విడదీయాల్సి వస్తేనే ఆకుపచ్చ అంటాం. మరి మేము ఇంట్లో అనే హల్దీ? రేవు ఊరు గనక మేమూ మా మాటలూ ఏదో ఓడ దిగి వచ్చామనుకునేవాళ్ళున్నారు. హల్దీ అరబ్బీ కాదు, ఫార్సీ కాదు. సంస్కృత హరిద్ర ప్రాకృతంలో హలిద్దా అయి, హల్దీగా మా వంటింటికొచ్చింది. దాని మూలమైన 'హరి'కి కూడా పసుపు రంగు, ఆకుపచ్చ రెండర్థాలూ ఉన్నాయి. దర్గా మీది జెండా రంగూ, గడపకు రాసే రంగూ ఒక్క కడుపున పుట్టినవే. పచ్చజెండా చూస్తే చాలు పాకిస్తాన్ అనేవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? (పచ్చకామెర్లవాడి సామెత ఊరికే పుట్టలేదు.)

అరబ్బుల మాట కుర్కుమ్. వాళ్ళ పాత వాడుకలో కుంకుమపువ్వుకూ అదే పేరు, పసుపుకూ అదే. 1753లో లిన్నేయస్ పసుపు మొక్కకు పెట్టిన 'కుర్కుమా లాంగా'లో ఉన్నది ఆ మాటే. ఫార్సీవాళ్ళది జర్ద్‌చూబా, అంటే పచ్చటి పుల్ల. ఎండిన కొమ్మును చూసి పెట్టిన పేరు. మా వంటింట్లో ఈ రెండూ నిలవలేదు, హల్దీయే నిలిచింది.

ఆడపిల్లకు పెళ్ళి చేశామనడానికి ఉర్దూలో 'హాథ్ పీలే కర్ దియే' అంటారు, చేతులు పసుపు చేశామని. తెలుగువాళ్ళు కూతురికిచ్చిన పొలాన్ని 'పసుపుకుంకుమల కింద' ఇచ్చామంటారు, దస్తావేజుల్లోనూ అలాగే రాయిస్తారు. మాలో పొలాలున్నవాళ్ళు తక్కువ. మా పిల్లలకు చేతికంటిన పసుపే.

చుట్టపాయన మాట నానీ చెవిన పెట్టలేదు. కొమ్ము సానమీద అరగదీస్తూ "ఇధర్ ఆ బేటీ, చెయ్యి ఇటివ్వు" అంది.