సర్వర్ పర్యవేక్షణ టెంప్లేట్ల స్వయంచాలన

ఒకే రకం సర్వర్లలో ఏయే కొలతలు తీసుకోవాలో, ఏ హద్దు దాటితే హెచ్చరించాలో రాసిపెట్టుకున్న నమూనాయే పర్యవేక్షణ టెంప్లేట్. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీలో, రాత్రి షిఫ్టుల్లో విదేశీ సర్వర్లను కనిపెట్టుకునే బృందాలకు ఇది నిత్యావసరం. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ జాబిక్స్‌లోనైతే టెంప్లేటును యామల్ ఫైలుగా దాచి, పైథాన్ స్క్రిప్టుతో ఏపీఐ ద్వారా ఎక్కిస్తారు. వందల హోస్టులకు, అంటే పర్యవేక్షించే సర్వర్లకు, ఒక్కొక్కటిగా తగిలించే చాకిరీ తప్పుతుంది. చిక్కల్లా ఒక్కచోటే: ఏపీఐలోని ‘హోస్ట్.అప్‌డేట్’కు కొత్త టెంప్లేటు ఒక్కటే ఇస్తే పాతవన్నీ ఊడిపోతాయి. అదనంగా చేర్చాలంటే ‘హోస్ట్.మాస్‌యాడ్’ వాడాలి. హద్దులను మాక్రోలుగా ఉంచితే, డిస్కు 80 శాతం నిండగానే మోగాలా, 90కా అన్నది హోస్టును బట్టి మార్చుకోవచ్చు. ఇక క్లౌడ్ సంగతి: 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ తెరిచింది. క్లౌడ్‌లో సర్వర్లు నిమిషాల్లో పుట్టి గిట్టుతుంటాయి కనుక, సర్వర్‌లోని జాబిక్స్ ఏజెంటు పంపే మెటాడేటాను చూసి టెంప్లేటు తగిలించే ఆటో రిజిస్ట్రేషనే అక్కడ స్క్రిప్టుకన్నా మేలు.