నిద్రలో నిలుచు ఊపిరి



గురకపెట్టువాడు సుఖముగా నిద్రించుచున్నాడని మన పల్లెలలో చిరకాలమునుండి యొక నమ్మకము కలదు. పగలు కునికిపాట్లు పడువానిని సోమరి యనుటయు వాడుకయే. ఈ రెండు మాటలును ఒకే మనిషిని గూర్చి చెప్పుచుండగా నేను పలుమారులు వింటిని. రాత్రి యంత గాఢముగా నిద్రించినవానికి పగలు మరల నిద్ర యేల రావలెను? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము దొరకుటకు లోకమునకు బహుకాలము పట్టినది. ఆ చరిత్రమునే నేడు మనవి చేసెదను.

మన ప్రాచీన వైద్యులు నిద్రను చులకన చేయలేదు. చరకసంహిత ఆహారముతోపాటు నిద్రను గూడ శరీరమును నిలుపు మూడు ఊతలలో నొకటిగా లెక్కించినది. సుశ్రుతసంహితలో మిక్కిలి స్థూలించినవానికి గలుగు బాధలను వరుసగా చెప్పుచోట నిద్రయు, ‘క్రథనము’ అను మాటయు గలవు. ఊపిరి అకస్మాత్తుగా నిలిచిపోవుట యని ఆ మాటకు అర్థము. రెండును ఒకే వరుసలో నున్నవి గాని, వాని సంబంధము అచ్చట విప్పి చెప్పబడలేదు.

ఇంగ్లండు దేశమున చార్లెస్ డికెన్సు 1836-37లో భాగములుగా ప్రకటించిన ‘పిక్విక్ పేపర్స్’ అను నవలలో జో యను లావుపాటి కుర్రవాడు గలడు. వాడు ఏ పనిలో నున్నను నిద్రించుచునే యుండును. చదువరులు నవ్వుకొనిరి. 1956లో అమెరికాయందు బర్వెల్ అను వైద్యుడును ఆయన సహచరులును ఒక రోగి వృత్తాంతము ప్రకటించి, ఆ వ్యాధికి పిక్విక్ పేరే పెట్టిరి. ఆ రోగి పేకాటలో మూడు ఆసులును రెండు రాజులును చేతికి వచ్చినను, ఆ యదృష్టమును వినియోగించుకొనకయే నిద్రలో మునిగెనట! తరువాతనే ఆయన ఆసుపత్రిలో చేరెను. స్థూలకాయమువలన ఊపిరి చాలక, రక్తమున చెడుగాలి నిలిచి మత్తు కలుగుచున్నదని ఆ వైద్యులు తలచిరి. రాత్రినిద్రయందే మూలమున్నదని అప్పటికింకను తేలలేదు.

1965లో ఫ్రాన్సునందలి మార్సెయిల్సు నగరమున గాస్తో బృందమును, జర్మనీయందు యుంగ్, కూలో అను వైద్యులును, ఎవరికి వారే, నిద్రించు రోగులకు యంత్రములు తగిలించి కనిపెట్టిరి. రహస్యము బయటపడెను. నిద్రలో గొంతుకండరములు సడలి, నాలుక వెనుకకు జారి, గాలిదారి మూసికొనును. ఱొమ్ము ఎగసిపడుచున్నను గాలి లోనికి పోదు. అంతట మెదడు ఉలికిపడి క్షణకాలము మేల్కొనును. పెద్ద గురకతో ఊపిరి మరల వచ్చును. ఒక్క రాత్రిలో ఇట్లు వందలమారులు జరుగవచ్చును. తెల్లవారిన పిమ్మట రోగికి ఇదేమియు జ్ఞాపకముండదు. 1976లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గిల్మినో మొదలగువారు దీనిని ‘స్లీప్ ఆప్నియా’ యను పేర వివరించిరి. 10 సెకనులైనను ఊపిరి నిలిచిన దానిని ఒక పర్యాయముగా లెక్కింతురు. మన భాషలో నిద్రాశ్వాసరోధ మనవచ్చును. స్థూలకాయులకే గాక సన్ననివారికిని ఇది కలుగును.

కావున ఎనిమిది గంటలు పండుకొన్నను ఆ మనిషి నిద్రించినట్లు కాదు. ఉదయమున తలనొప్పి, నోరెండుట, మతిమరుపు, ఊరక కోపము వచ్చుట దీని గురుతులు. రక్తపుపోటు పెరుగును. నేనెరిగిన ధాన్యవ్యాపారి యొకడు లెక్కలు వ్రాయుచునే కలము జారవిడిచెడివాడు. బిడ్డలు పరిహసించెడివారు. “ఆయన ఊపిరి ఆగినప్పుడెల్ల నా ఊపిరియు ఆగునండీ” అని ఆతని యిల్లాలు వైద్యునితో చెప్పిన మాటవలననే రోగము తెలియవచ్చెను. పూర్వము బండి తోలువాడు కునికినను ఎద్దులు దారి యెరిగి యిల్లు చేర్చెడివి. మోటారుబండికి ఆ తెలివి లేదు.

మొదట కంఠమున రంధ్రము చేయుటయే దీనికి గట్టి చికిత్సగా నుండెను. 1981లో ఆస్ట్రేలియా దేశపు వైద్యుడు కాలిన్ సల్లివన్, ముక్కుద్వారా మెల్లని ఒత్తిడితో గాలిని పంపి గొంతుదారిని తెరచియుంచు ఉపాయమును ప్రకటించెను. నేటికిని అదియే ముఖ్యసాధనము. 1993లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో, 30 మొదలు 60 ఏండ్ల ఉద్యోగులలో పగటినిద్రతో కూడిన ఈ వ్యాధి పురుషులలో నూటికి నలుగురికిని, స్త్రీలలో ఇద్దరికిని ఉన్నట్లు తేలెను. ఇది అరుదైన రోగము గాదు.

బరువు తగ్గుట, ప్రక్కకు తిరిగి పండుకొనుట, రాత్రి మద్యము మానుట కొందరికి మేలుచేయును. వైద్యుని యడుగక నిద్రమాత్రలు మ్రింగరాదు. పెద్దలగు మీమాటకు ఇంటను ఊరను విలువ గలదు. ఒకనిని సోమరి యని నిందించుటకు ముందు, ఆతని ప్రక్కన పండుకొనువారిని పిలిచి, రాత్రి ఊపిరి యెట్లున్నదని యడుగుడు. గురక నడుమ నిశ్శబ్దము వచ్చుచున్నదని వారు చెప్పినచో, నింద మాని వైద్యునికడకు పంపుడు.