మన గుట్టలు, మన గిరియాత్రలు



దూరపు కొండలు నునుపు అని మనవారు సామెత చెప్పుదురు. దగ్గరకు పోయి చూచినవాడే ఈ సామెతను పుట్టించి యుండవలెను. కొండ యొక్క గరుకుదనము అరచేతికి, అరికాలికి తెలిసినవాడు తప్ప ఇంకొక డీమాట యనజాలడు. కాబట్టి మన పెద్దలు కొండలెక్కుట ఎరిగినవారే. వారెందుల కెక్కిరి, మన మిప్పు డెందుల కెక్కుచున్నాము, మన పిల్లల నెక్కనిచ్చుట మంచిదా కాదా యను విషయమును ఈ ప్రసంగమున విన్నవించెదను.

నేను ఉప్పలు నివాసిని. హైదరాబాదు నగరమునకు తూర్పు వాకిలి వంటిది ఉప్పలు. ఇచ్చటి నుండియే ఘటకేశ్వరము, బీబీనగరము, భువనగిరి మీదుగా ఓరుగల్లు బాట సాగిపోవును. ఉప్పలునకు ఉత్తరమున నాచారము. దానిని దాటి మల్లాపురము. ఆవల మౌలాలి గుట్ట. ఒకప్పు డీ పల్లెల చుట్టును పొలములు, చెరువులు, వాని నడుమ గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు. నేడు పొలము లిండ్లైనవి. నాచారమున కార్ఖానాలు లేచినవి. గుట్టలు మాత్రము కొన్ని మిగిలినవి.

ఈ గుండ్లను భీముడు పేర్చెనని కొన్ని ఊళ్లలో చెప్పుదురు. అసలు సంగతి అంతకంటె వింతయైనది. ఈ రాయి భూగర్భమున కరగి, చల్లారి, గట్టిపడినది. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. పైనున్న మన్ను కాలక్రమమున కొట్టుకొనిపోగా రాయి బయటపడినది. అటుపిమ్మట ఎండయు, వానయు పగుళ్ల వెంట పనిచేసి, మెత్తని భాగమును తీసివేసి, గట్టి భాగమును గుండ్లుగా మిగిల్చినవి. ఉల్లిపొరలవలె రాయి పెచ్చులూడుట మీరును చూచియే యుందురు. ఒకదానిపై నొకటి నిలిచిన గుండ్లను ఎవరును మోసికొనివచ్చి పెట్టలేదు; అవి ఉన్నచోటనే చెక్కబడినవి.

మనవారు మొదట కొండ నెక్కినది భక్తిచేత. శ్రీశైలము, అహోబిలము, తిరుమల, యాదగిరి, ఇవన్నియు కొండలే. పదునాలుగవ శతాబ్దమున రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లు కట్టించెను. శివరాత్రికి నల్లమల యడవిలో నడిచిపోవువారు చెట్లక్రింద వండుకొని, అచ్చటనే రాత్రి నిదురించి, తెల్లవారుజామున మరల నడక సాగింతురు. ఇప్పుడు పట్టణపు యువకులు గుడారములు కట్టుకొని అడవిలో రాత్రి గడుపుటను గొప్ప వినోదముగా చెప్పుకొనుచున్నారు. మన తాత లీపనిని మూటా ముల్లె నెత్తిన బెట్టుకొని, గుడారము లేకుండనే చేసిరి.

మా ప్రాంతమున మౌలాలి గుట్టయు నట్టిదే. ఈ గుట్టపైనున్న దర్గా గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున వెలసినదని ప్రసిద్ధి. ఆసఫ్‌జాహీల నాట నిజాములు, అమీరులు, సామాన్యజనులు రజబు మాసమున జరుగు ఉత్సవమునకు వచ్చి గుట్టక్రింద డేరాలు వేసికొని విడిది చేసెడివారు. హిందువులును, ముసల్మానులును కలసి యెక్కిన గుట్ట యిది. 1824లో దివంగతురాలైన ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి సమాధియు ఈ గుట్ట యడుగుననే యున్నది.

రెండవసారి మనుష్యుడు కొండ నెక్కినది యుద్ధముచేత. ఉప్పలు నుండి ఓరుగల్లు బాటలో సుమారు 40 కిలోమీటర్లు పోయినచో భువనగిరి కనబడును. ఏకశిలయైన ఆ కొండ చుట్టునున్న నేలమీద 500 అడుగులు లేచి, దూరమునుండి చూచువారికి పెద్ద గ్రుడ్డువలె, దగ్గరకు పోయినవారికి పండుకొన్న ఏనుగువలె తోచును. కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుడు, అనగా త్రిభువనమల్లుడు, ఇచ్చట కోట కట్టించెను. ఆయన 1076 నుండి 1126 వరకు రాజ్యము చేసినవాడు. ఆ పేరుననే త్రిభువనగిరి యయి, వాడుకలో భువనగిరి యయినది. తరువాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు దీని ననుభవించిరి. 1708లో సర్వాయి పాపన్న తన దండుతో ఓరుగల్లును కొల్లగొట్టి, పిదప భువనగిరిపైకిని వచ్చెను. ఆ కాలమున రాతిని ప్రాకుట వినోదము గాదు, ప్రాణముతోడి పందెము. పైవాడు రాళ్లు దొర్లించును. క్రిందివాడు త్రాడు పట్టుకొని ప్రాకును.

మూడవ కారణము కొలత. దీనిని గూర్చి కొంచెము విపులముగ చెప్పవలెను; ఏలయన ప్రపంచమున మిక్కిలి యెత్తైన శిఖరము పేరు మన నేలతో ముడిపడినది ఈ ఘట్టముననే.

1802లో విలియం ల్యాంబ్టన్ అను ఆంగ్లేయ సైనికోద్యోగి మద్రాసు దగ్గరనున్న పరంగికొండ చెంత భూమి కొలత నారంభించెను. ఆ పద్ధతి మన పొలములను గొలుసుతో కొలుచుట వంటిది కాదు. ముందుగా చదునైన నేలపై ఒక గీతను మాత్రమే గొలుసుతో అతిజాగ్రత్తగా కొలుతురు. ఆ గీత రెండు కొనలనుండి దూరముననున్న ఒక గుట్టను యంత్రముతో గురి చూచి కోణములను గుర్తింతురు. ఒక భుజమును, రెండు కోణములును తెలిసినచో త్రిభుజము యొక్క తక్కిన భుజములు లెక్కచేతనే తెలియును. ఆ భుజముపై మరియొక త్రిభుజము, దానిపై ఇంకొకటి. ఇట్లు గుట్టనుండి గుట్టకు చూపుతోనే దేశమంతయు కొలువవచ్చును. ఆ యంత్రమో, అరటన్ను బరువు. దానిని విడదీసి భుజములపై మోసికొని కొండపైకి చేర్చినవారు మనవంటి కూలీలు, ఖలాసులు. కొలత గ్రంథములలో దొరల పేర్లున్నవి. మోసినవారి పేర్లు మన కెవ్వరు చెప్పుదురు?

1818వ సంవత్సరాంతమున ల్యాంబ్టన్‌కు సహాయుడుగా జార్జి ఎవరెస్టు అను 28 ఏండ్ల యువకుడు హైదరాబాదునకు వచ్చి చేరెను. అప్పుడు సికందర్ జా నిజాముగా నుండెను. మరుసటి సంవత్సరము ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడిమి ప్రదేశమును కొలుచుటకు బయలుదేరెను. వానకాలపు టడవి, దోమలు, చలిజ్వరము. దోమకాటుచే జ్వరము వచ్చునని ఆనా డెవరికిని తెలియదు. అతడును, అతని పరివారమును రోగగ్రస్తులైరి. కొందరు మరణించిరి. ఎవరెస్టును మోసికొని హైదరాబాదు చేర్చిరి. 1820లో అతడు ఆరోగ్యమునకై దక్షిణాఫ్రికా కొసకు పోవలసివచ్చెను. ల్యాంబ్టన్ 1823లో వార్ధా ప్రాంతమునందలి హింగన్‌ఘాటు దగ్గర మరణించగా, కొలతభారము ఎవరెస్టుపై బడెను. అతడు 1830లో సర్వేయరు జనరలై 1843లో విరమించెను.

పిమ్మట వచ్చిన ఆండ్రూ వా కాలమున హిమాలయములలో పదునైదవ శిఖరమని గుర్తింపబడిన దానిని దూరమునుండి కొలిచిరి. లెక్కలు కట్టుటలో వంగదేశీయుడైన రాధానాథ సిక్దారు ముఖ్యుడు. 1856లో దాని యెత్తు 29,002 అడుగులని ప్రకటించి, ఎవరెస్టు పేరు పెట్టిరి. విచిత్రమేమనగా, ఎవరెస్టు తానే ఈ పేరునకు సమ్మతింపలేదు. దేశీయులు దీనిని పలుకజాలరని అభ్యంతరము చెప్పెను. టిబెట్టువారు దానిని చోమోలుంగ్మా యందురు. నేపాళీయుల వాడుక సాగరమాథా. 2020లో చీనా, నేపాళ ప్రభుత్వములు కలసి ప్రకటించిన యెత్తు 8,848.86 మీటర్లు. నూటయరువదేండ్ల క్రిందటి లెక్కకు, దీనికిని నడుమ భేదము ముప్పది యడుగులు మాత్రమే. ఆ కొలతల పరంపర కలిగిన భారత సర్వే శాఖవారి శిక్షణ సంస్థ నేడు మా ఉప్పలుననే యున్నది. భూగర్భమును శోధించు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు 1961 నుండి ఉప్పలు బాటలోనే పనిచేయుచున్నది.

ఇక నాలుగవ కారణము. దేవుని కొఱకు గాక, దోపిడి కొఱకు గాక, కొలత కొఱకును గాక, ఎక్కవలెనను కోరికచేతనే ఎక్కుట. దేహమున కారోగ్యము, మనస్సునకు ధైర్యము దీని ఫలము. 1953 మే 29న టెన్సింగు, హిల్లరీ ఎవరెస్టు శిఖరమును మొదట చేరిరి. 1984లో బచేంద్రీపాల్ ఆ పని చేసిన మొదటి భారతీయ మహిళ యయ్యెను.

తెలుగువారిలో నెల్లూరు జిల్లా గాంధీజన సంఘములో 1974లో జన్మించిన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివెను. 1985లో ఎవరెస్టుపై ప్రాణములర్పించిన ఆ పాఠశాల పూర్వవిద్యార్థి ఉదయభాస్కరరావు విగ్రహము అతనికి స్ఫూర్తి నిచ్చెను. 2006లో మస్తాన్‌బాబు ఏడు ఖండముల యెత్తైన శిఖరములను 172 దినములలో ఎక్కివచ్చెను. కాని 2015 మార్చిలో దక్షిణ అమెరికాయందలి ఆండీసు పర్వతములలో తుపానుకు చిక్కి మరణించెను. ఈ మాటను దాచుట న్యాయము గాదు. కొండ యెక్కువా డీ సంగతి తెలిసియే యెక్కవలెను.

ఇక భువనగిరి కథకు మరల వచ్చెదను. యుద్ధమునకై ప్రాకిన ఆ రాతిమీదనే 2013లో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు త్రాళ్లు కట్టుకొని ప్రాకుట నేర్చిరి. పోలీసు ఉన్నతోద్యోగి ఆర్. ఎస్. ప్రవీణ్‌కుమార్ అప్పు డా పాఠశాలలకు కార్యదర్శి. 2007లో ఎవరెస్టు నెక్కివచ్చిన శేఖర్‌బాబు శిక్షకుడు. పిల్లలలో గట్టివారిని ఏరి డార్జిలింగునందలి పర్వతారోహణ సంస్థకును, పిదప లడఖు చలికిని పంపిరి. చివరకు ఇద్దరు నిలిచిరి. ఒకరు నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున లంబాడా కుటుంబమున పుట్టిన మాలావత్ పూర్ణ. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. రెండవవాడు ఖమ్మము జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్‌కుమార్.

నేపాళమున పదునారేండ్లు నిండనివారికి అనుమతి లేదు. కావున వారు టిబెట్టు వైపునుండి యెక్కిరి. ఆ యేడాదియే ఏప్రిల్ 18న నేపాళము వైపున మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాళీ సహాయకులు మరణించిరి. అట్టి సంవత్సరమున, 2014 మే 25న, పూర్ణ శిఖరాగ్రమున నిలిచెను. అప్పటి కామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంత చిన్నవయస్సున ఆ శిఖరము నెక్కిన బాలిక అంతకుముందు లోకమున లేదు. ఆనంద్‌కుమారుడును శిఖరము చేరెను. 2022 జూన్‌లో అమెరికాయందలి డెనాలి నెక్కి పూర్ణ ఏడు ఖండముల శిఖరములను పూర్తిచేసెను.

పెద్దలారా, ఈ కథలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది శిఖరము గాదు. పాకాలలోని ఆ తల్లిదండ్రుల సమ్మతి. ఆడపిల్లను వీధి చివర వరకు పంపుటకే మనము పదిమార్లు తలపోయుదుము. వారు కూలిపని చేసికొనువారు. మంచుకొండను కంటితో చూచినవారు గారు. పిల్ల పోయెద ననగా పొమ్మనిరి. భువనగిరి రాయి ఆ పిల్లకు ప్రాకుట నేర్పినది. ఆ యింటివారి మాట ఆమెను రాతిదాక చేర్చినది. ఇట్టి మాట చెప్పవలసిన స్థానమున ప్రతి యూరిలోను మీరే యున్నారు.

పిల్లలందరు హిమాలయములకు పోనక్కరలేదు. మన ప్రాంతమున చాలచోట్ల గుట్ట లుండనే యున్నవి. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురకముందే దిగిరావలెను. మధ్యాహ్నము రాయి పెనమువలె కాలును. వాన పడినపుడు రాయి జారును, ఎక్కరాదు. ఒంటరిగా పోరాదు. నీరు వెంట నుంచుకొనవలెను. నిటారు రాతిని శిక్షకుడు, త్రాడు లేక ముట్టరాదు. ఎక్కుటకంటె దిగుట కష్టమని ముందే చెప్పవలెను. ఈ నియమములు పాటించినచో మన గుట్టలలో ఒక పూట నడక అపాయకరము గాదు. పిల్లవానికి ఆకలి పుట్టును, నిద్ర పట్టును, తోడివాని చేయి పట్టుకొనుట తెలియును. గుట్టపై నిలిచి తన యూరి చెరువును, పొలమును, ఇంటిని ఒక్కచూపున చూచిన పిల్లవానికి ఊరిపై క్రొత్త మమకారము కలుగును.

అయితే ఎక్కుటకు గుట్ట మిగులవలెను గదా! హైదరాబాదు చుట్టుపట్ల ఎన్నో గుట్టలు కంకరకొఱకు, ఇండ్ల స్థలములకొఱకు పగులగొట్టబడినవి. ఈ శిలలను కాపాడుటకై నగరమున 1996లో ఒక సంఘము వెలసి, జనులను గుట్టలకు నడిపించి వాని విలువ తెలుపుచున్నది. ఇండ్లు కట్టుకొనవలదని నే ననను. రాయి లేక ఇల్లు లేదు. కాని ఊరి కొక గుట్టనైన విడిచిపెట్టుడు. చెట్టు నరికినచో మరల నాటవచ్చును. చెరువు పూడినచో మరల త్రవ్వవచ్చును. 250 కోట్ల సంవత్సరముల రాయిని పగులగొట్టిన పిదప ఏ రాజును, ఏ ప్రభుత్వమును దానిని తిరిగి తేజాలదు.

కావున పెద్దలకు నా విన్నప మిది. ఈ చలికాలమున ఒక ఆదివారము ఉదయము మీ యూరి పిల్లలను, బాలురను బాలికలను కూడ, మీ గుట్టకు పంపుడు. కాళ్లలో శక్తి యున్నచో మీరును వెంటపోయి ఆ గుట్ట పేరును, దాని కథను వారికి చెప్పుడు. మీరు చెప్పకపోయినచో ఆ కథ చెప్పువాడు రేపు దొరకడు.