రిమాండు రోజులు ఎవరి ఖాతాలో?

మన మేజిస్ట్రేటు కోర్టు తీర్పుల మొదట్లో ఒక పట్టిక ఉంటుంది. కోర్టు సిబ్బంది దాన్ని క్యాలెండర్ అంటారు. నేరం జరిగిన తేదీ, ఫిర్యాదు అందిన తేదీ, అరెస్టు తేదీ, బెయిలుపై వదిలిన తేదీ అందులో వరుసగా ఉంటాయి. చదివేవాళ్లు దాన్ని దాటేసి తీర్పులోకి వెళ్లిపోతారు. శిక్ష పడ్డవాడికి మాత్రం అరెస్టుకూ బెయిలుకూ మధ్య ఎన్ని రోజులన్నదే ముఖ్యం. 5 నెలలు రిమాండులో ఉన్నవాడికి ఏడాది జైలు పడితే ఇంకా 7 నెలలే మిగలాలి. ఆ 5 నెలలు ఖైదు వారెంటులోకి ఎక్కకపోతే 12 నెలలూ లోపలే ఉండాల్సి వస్తుంది.

ఈ తీసివేత మన చట్టంలోకి ఆలస్యంగా వచ్చింది. బ్రిటిష్ వాళ్లు చేసిన 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది లేదు. తీర్పు చెప్పిన రోజు నుంచే శిక్ష లెక్క మొదలయ్యేది. దయగల జడ్జి అయితే విచారణ ఖైదీగా గడిపిన కాలాన్ని తలుచుకుని శిక్ష కాస్త తగ్గించేవాడు. అందరూ అలా చేసేవారు కాదు. కొత్త కోడ్ ముసాయిదాను పరిశీలించిన పార్లమెంటు సంయుక్త కమిటీ ఈ అన్యాయాన్ని గుర్తించింది. కొందరి విషయంలో అసలు శిక్ష కన్నా విచారణ కాలపు జైలే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటోందని చెప్పింది. అలా పుట్టిన 428వ సెక్షన్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జడ్జి దయ మీద ఆధారపడ్డది కాస్తా ఖైదీ హక్కు అయింది.

మరి అంతకుముందే శిక్ష పడి ఇంకా జైల్లోనే ఉన్నవాళ్ల సంగతేమిటి? తీహార్ జైల్లోని ఒక విదేశీ ఖైదీ ఈ ప్రశ్నతో సుప్రీంకోర్టు గడప తొక్కాడు. శిక్ష ఎప్పుడు పడిందన్నది కాదు, ఇంకా అనుభవిస్తున్నాడా లేదా అన్నదే చూడాలంటూ జస్టిస్ పి.ఎన్. భగవతి పాతవాళ్లకూ ఈ మినహాయింపు ఇచ్చారు.

యావజ్జీవ ఖైదీల దగ్గర మాత్రం పెద్ద చిక్కే వచ్చింది. నిర్ణీత కాలపు జైలుశిక్షకే ఈ తీసివేత అని సెక్షన్ చెబుతోంది. యావజ్జీవానికి కాలం నిర్ణయమై ఉండదు గనుక వాళ్లకు ఇది వర్తించదని 1982లో సుప్రీంకోర్టే తేల్చింది. అక్షరాలకు కట్టుబడిన తీర్పే గానీ ఫలితం ఘోరం. చిన్న శిక్ష పడ్డవాడికి దక్కే రోజులు పెద్ద శిక్ష పడ్డవాడికి దక్కకుండా పోయాయి. మూడేళ్ల తర్వాత, 1985లో, ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. యావజ్జీవం కూడా ఒక కాలానికి పడ్డ శిక్షేనని, ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చేసేటప్పుడు రిమాండు రోజులనూ కలపాలని చెప్పింది. ఈ చరిత్రలో ఇంతకన్నా మానవీయమైన మలుపు నాకు కనబడలేదు.

రోజువారీ తప్పులు ఎక్కువగా దొర్లేది ఒకడి మీద రెండు కేసులున్నప్పుడు. మన పోలీసుల భాషలో పీటీ వారెంటు అంటారే, అక్కడ. ఒక కేసులో కడప జైల్లో ఉన్నవాడిని గుంటూరు కేసులో పీటీ వారెంటుపై తెచ్చి రిమాండు చేయించేదాకా రెండో కేసులో అతని రోజుల లెక్క మొదలే కాదు. రెండింటిలోనూ రిమాండు అయ్యాక ఆ రోజులు ఏ కేసులోకి వెళ్లాలి? రెండు శిక్షల్లోనూ తీసేయవచ్చని 2001లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. వేరే కేసులో అప్పటికే శిక్ష అనుభవిస్తున్నవాడికి ఈ లాభం లేదన్న 1984 నాటి తీర్పును కాదంది.

పొరపాటు జరిగితే? సంతకం పెట్టిన తీర్పును జడ్జి తిరగరాయలేడు. రాతలో, లెక్కలో దొర్లిన తప్పులను మాత్రం సరిచేయవచ్చు. మిగతాది అప్పీలు కోర్టు పని. అక్కడ గెలిచినా కథ ముగియదు. హైకోర్టు ఉత్తర్వు కింది కోర్టుకు, అక్కడి నుంచి సవరించిన వారెంటు జైలుకు చేరాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఒక ఖైదీకి 12 ఏళ్ల శిక్షను హైకోర్టు 2018లో 7 ఏళ్లకు తగ్గించింది. అయినా గడువు దాటాక కూడా అతన్ని జైల్లోనే ఉంచారు. 2022లో సుప్రీంకోర్టు అతనికి రూ.7.5 లక్షల పరిహారం ఇప్పించింది. పోయిన రోజులను మాత్రం ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

పేదలకు ఇంకో దెబ్బ ఉంది. జరిమానా కట్టలేక అనుభవించే జైలుకు ఈ తీసివేత చెల్లదని 1978 సవరణలో చేర్చారు. చేతిలో డబ్బు లేనివాడు ఎన్ని నెలలు రిమాండులో గడిపినా అందులో ఒక్క రోజు కూడా జరిమానా కింద జమ కాదు.

2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ 428వ సెక్షనే 468వ సెక్షన్. అంకె మారింది గానీ అసలు మాట మారలేదు: అదే కేసు దర్యాప్తులోనో విచారణలోనో గడిపిన నిర్బంధమే లెక్కలోకి వస్తుంది. ముందస్తు నిర్బంధంలో గడిపిన కాలాన్ని శిక్షలోంచి తీసేయడం కుదరదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన అప్పీలులో 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది ఈ మాట ఆధారంగానే. పీడీ యాక్టు అనే ముందస్తు నిర్బంధ చట్టం కింద ఏడాది దాకా నిర్బంధించే వీలున్న మన రాష్ట్రాల్లో ఇది పాత ముచ్చట కాదు. జైలు గది అదే, తాళమూ అదే. నిర్బంధ ఉత్తర్వుకు దారితీసిన కేసులోనే తర్వాత శిక్ష పడితే ఆ రోజులను కూడా జమ కట్టాలని పార్లమెంటు ఒక్క వాక్యం చేర్చాలి.