తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?



ఎద్దుగానుగ తిరిగే రోజుల్లో రోట్లో ఏదైనా ఇరుక్కుంటే, గానుగవాడు ముందు ఎద్దును నిలిపేవాడు. కాడి దించేవాడు. ఆ తరువాతే లోపల చెయ్యి పెట్టేవాడు. గానుగను తిప్పే శక్తి అతని కళ్ళ ఎదుటే ఉండేది. అతనికి తెలియకుండా ఎద్దు మళ్ళీ నడిచే ప్రసక్తే లేదు.

విద్యుత్తు వచ్చాక ఈ పరిస్థితి మారిపోయింది. మన కోలారు బంగారు గనులనే తీసుకోండి. ఎన్నో తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టిన గనులవి. 1902లో శివసముద్రం నుంచి వాటికి కరెంటు వచ్చింది. కావేరి నీటితో పుట్టిన కరెంటు సుమారు 90 మైళ్ళు తీగల మీద ప్రయాణం చేసి గనుల్లో యంత్రాలను తిప్పింది. పనిచేసే చెయ్యి ఒకచోట, స్విచ్చి వేసే చెయ్యి మరొకచోట! ఈ రెండు చేతుల మధ్య దూరమే ఎన్నో ప్రమాదాలకు మూలమయింది. ఆ దూరాన్ని మనుషులు ఎలా పూడ్చుకున్నారన్నదే ఈనాటి ప్రసంగం.

మన ఊళ్ళలో లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ‘ఎల్.సి.’ తీసుకోవడం మీరు వినే ఉంటారు. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. మన దేశంలో 1956 నాటి విద్యుత్ నియమాలు ఈ విషయంలో రెండు మాటలు చెప్పాయి. తీగను ముట్టుకునే ముందు భూమికి కలిపో, మరో తగిన పద్ధతిలోనో అందులోని విద్యుత్తును పోగొట్టాలి. మనుషులు పనిలో ఉండగా అందులోకి పొరపాటున మళ్ళీ కరెంటు రాకుండా చూడాలి. ఈ రెండో మాట చాలా ముఖ్యం. స్విచ్చి ఆపడం సులువే. దాన్ని వేరొకరు వెయ్యకుండా ఆపడమే కష్టం.

అమెరికా కార్మికులు దీనికి తాళంకప్పను సాధనంగా చేసుకున్నారు. స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, ‘పని జరుగుతోంది, వెయ్యవద్దు’ అని రాసిన చీటీ కట్టడమే ఆ పద్ధతి. దాన్ని ‘లాకౌట్, టాగౌట్’ అంటారు. చీటీ హెచ్చరిస్తుంది గాని చేతిని ఆపలేదు. చేతిని ఆపేది తాళమే. చాలా కర్మాగారాల్లో ఈ అలవాటు ఉన్నా, అన్ని యంత్రాలకూ వర్తించే చట్టబద్ధమైన నిబంధన అప్పట్లో ఉండేది కాదు. 1979లో మోటారు కార్మికుల సంఘం అలాంటి నిబంధనను అత్యవసరంగా తెమ్మని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది. 1982లో ఒక స్వచ్ఛంద ప్రమాణం వచ్చింది. ప్రభుత్వం 1988లో ముసాయిదా ప్రకటించి, 1989లో నిబంధన జారీచేసింది. 1990 జనవరిలో అది అమలులోకి వచ్చింది. అంటే అర్జీకీ అమలుకూ నడుమ పదేళ్ళకు పైగా పట్టిందన్నమాట. ఈ నిబంధన పాటిస్తే ఏటా సుమారు 120 మరణాలు, 50,000 గాయాలు తప్పుతాయని అక్కడి ప్రభుత్వ అంచనా.

ఈ పద్ధతికి ప్రాణం తాళంచెవి. ఎవరి తాళం వారిదే, చెవి వారి జేబులోనే ఉండాలి. అయిదుగురు పనిలో ఉంటే ఒకే కొక్కేనికి అయిదు తాళాలు పడతాయి. అయిదోవాడు బయటికి వచ్చి తన తాళం తీసేదాకా యంత్రం కదలదు. అధికారి తొందరపడినా అంతే.

ఇంత చక్కని పద్ధతి ఉన్నా, మహా మేధావులుండే పరిశోధనశాలల్లోనే అది తడబడింది. 2004 అక్టోబరు 11న కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్ కేంద్రంలో ఒక కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ 480 వోల్టుల పెట్టెలో కొత్త బ్రేకరు బిగిస్తున్నాడు. కరెంటు ఆపలేదు. మెరుపులా నిప్పు ఎగసి అతని ఒళ్ళు తీవ్రంగా కాలింది. విచారణ సంఘం తప్పును ఆ పనివాడి మీదికి నెట్టి ఊరుకోలేదు. పరిశోధన ఆగకూడదన్న తపనలో సంస్థే అపాయానికి అలవాటు పడిందని తేల్చింది. ఆ తరువాత అక్కడి యాక్సిలరేటర్లు నెలల తరబడి ఆగిపోయాయి. ఆపవలసిన కాసేపు ఆపనందుకు నెలలు ఆగవలసివచ్చింది!

2015 మే 3న లాస్ అలమోస్ పరిశోధనశాలలో మరో ప్రమాదం జరిగింది. 13,800 వోల్టుల స్విచ్చి గదులను శుభ్రం చేస్తుండగా, కరెంటు ఉన్న అరలోనే ఒకరు చెయ్యి పెట్టారు. ఆయన ఒళ్ళు తీవ్రంగా కాలింది. మరికొందరు గాయపడ్డారు. ‘ఆపాం’ అనుకోవడం వేరు, పని చేయబోయే ఆ అరలోనే పరికరం పెట్టి ‘లేదు’ అని రుజువు చేసుకోవడం వేరు.

పరిశోధనశాలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. కర్మాగారంలో ఏళ్ళ తరబడి అదే యంత్రం, అదే పని. పరిశోధనశాలలో ఇవాళ ఉన్న అమరిక రేపు ఉండదు. నిన్న వచ్చిన విద్యార్థికి ఏ తీగ ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పైగా స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో విద్యుత్తు, గొట్టాల్లో పీడనం, చుట్టిన స్ప్రింగులో బలం మిగిలే ఉంటాయి. అందుకే ప్రతి యంత్రానికీ దానిలోకి శక్తి ఎన్ని దారుల్లో వస్తుందో రాసిపెట్టాలి. అన్ని దారులూ మూసి, తాళం వేసి, మిగిలిన శక్తిని వదిలించి, పరీక్షించి చూడాలి. అప్పుడే చెయ్యి పెట్టాలి.

ఇది పెద్ద పరిశోధనశాలల సంగతే అనుకోకండి. మన వీధిలో లైన్‌మన్ ఎల్.సి. తీసుకుని స్తంభం మీద ఉన్నప్పుడు, సరిగా బిగించని జనరేటరును ఎవరైనా ఇంట్లో వేస్తే, ఆ కరెంటు వెనక్కి ప్రవహించి అతన్ని తాకవచ్చు. అక్కడ సబ్‌స్టేషన్లో వేసిన తాళం ఆ దారిని మూయలేదు. ఆ దారికి తాళంచెవి మన చేతిలోనే ఉంది. జనరేటరుకూ వీధి లైనుకూ మధ్య మార్పిడి స్విచ్చి సరిగా ఉందో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించుకోండి. స్తంభం మీద ఉన్న ఆ మనిషి కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.