బలురక్కసి పుట్టుపూర్వోత్తరములు

చెరకునకును బెల్లమునకును పేరుగాంచిన చోడవరము ప్రాంతమున, బీడువడిన చేలలోను, పశువులు మేయు బంజరులలోను, క్రొత్తగా మట్టి త్రవ్విపోసిన కాలువగట్లమీదను, శీతకాలము వచ్చునప్పటికి మోకాలియెత్తున పెరిగి పసుపుపచ్చని పూవులతో ఎండలో మెరయు ముండ్లమొక్క నెరుగని రైతు లేడు. తెలుగునాట దీనిని కొందరు బలురక్కసి యనియు, కొందరు బ్రహ్మదండి యనియు, ఆకు కుసుమాకును బోలియుండుటచే మరికొందరు పిచ్చికుసుమ యనియు వ్యవహరింతురు. ఇన్ని పేళ్లతో మనలో కలిసిపోయినను ఇది మన మొక్క కాదు. మెక్సికో, వెస్టిండీసు దీవులు మున్నగు అమెరికా ఉష్ణప్రదేశములు దీని జన్మభూమి.

ఇంగ్లండున జాన్ జెరార్డ్ 1597లో ప్రకటించిన తన మూలికాగ్రంథమున, వెస్టిండీసు దీవినుండి మిత్రుడు తెచ్చియిచ్చిన ఈ మొక్కను వర్ణించుచు, ముండ్లను జూచి దీనిని పెరూదేశపు బంగరు తిసిల్ యని తిసిల్ అను ముండ్లమొక్కల జాతులలో చేర్చెను. నిజమునకు తిసిళ్లు చేమంతి కుటుంబమునకు చెందినవి; ఇదియో గసగసాల కుటుంబమునకు చెందినది. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి ఆర్గెమోన్ మెక్సికానా యని నామకరణము చేసెను. అమెరికాకును మనకును ఓడల రాకపోక లేర్పడిన పిమ్మటనే ఇది యిచ్చటికి వచ్చియుండవలెను గనుక, మన ప్రాచీన వైద్యగ్రంథములలోని స్వర్ణక్షీరి యిదియే యని కొందరు చెప్పుట పొసగదు. పసుపుపచ్చని పాలు గలుగుట యొక్కటియే ఆ భ్రమకు మూలము.

అయినను, బలురక్కసిని గుర్తించుటకు ఆ పాలకు మించిన ఆనవాలు లేదు. కాండమును గాని ఆకును గాని త్రుంచినంతనే పసుపువన్నె పాలు స్రవించును. ఆకులు నీలిఛాయ గల ఆకుపచ్చనివై, ఈనెల వెంబడి తెల్లని చారలు గలిగి, అంచులందు ముండ్లు దాల్చి, కాడ లేకయే కాండమును అంటిపట్టుకొనియుండును. పూవునకు సామాన్యముగా ఆరు రేకులు, నడుమ పెక్కు కేసరములు, వాని మధ్య ఎర్రని కీలాగ్రము. కాయ ముండ్లతో నిండియుండి, పండినప్పుడు కొన విచ్చి, నల్లని గింజలను వెదజల్లును. బ్రహ్మదండి యనియే పిలువబడు మన దేశవాళి తిసిల్, అనగా ఎకినోప్స్ ఎకినేటస్, వేరొకటి: దాని పూగుత్తి బంతివలె గుండ్రమై తెల్లగానో లేతనీలముగానో యుండును, ఆకు అడుగుభాగము దూదివలె తెల్లన, దానికి పచ్చని పాలు లేవు.

పశువులు ముండ్లకును చేదునకును వెరచి దీనిని ముట్టవు. చుట్టునున్న గడ్డిని మాత్రము మేసిపోవుటచే, మేత యెంత యెక్కువైన దీనికి అంత తావు దొరకును. నేలలో పడిన గింజలు ఏండ్లకొలది మొలకెత్తుశక్తిని నిలుపుకొనును.

అన్నింటికంటె భయంకరమైనది ఆ గింజయే. అది ఆవగింజను పోలియుండును. ఆవనూనెలో దీని నూనె కలిసినచో, అందలి సాంగ్వినరీన్ అను విషము సూక్ష్మరక్తనాళములను చెఱచుటచే కాళ్లు ఉబ్బి, ఆయాసము పుట్టి, గుండె క్షీణించి, కొందరికి కంటిచూపు సైతము పోవును. ఈ ఉబ్బువ్యాధి 1877లో కలకత్తాలో తొలుత వెల్లడియైనది. 1998లో ఢిల్లీలో 60 మందికి పైగా చనిపోయిరి, వేలమంది మంచము పట్టిరి. వంటకు ఆవనూనె వాడుట అరుదగుటచే మనకు ఆ ముప్పు తక్కువ. కాని ఆవకాయ పెట్టని తెలుగు ఇల్లు గలదా? ఆవపిండి కొట్టించుటకు ముందు పిడికెడు ఆవాలు తెల్లగుడ్డపై పోసి చూడుడు: ఆవగింజ గుండ్రమై నున్నగా నుండును, బలురక్కసి గింజ పైతోలు గుంటలు గుంటలుగా వలవలె నుండును. రైతు సోదరులారా, చేతికి గుడ్డ చుట్టుకొని, కాయ పండకమునుపే దీనిని వేరుతో పెరికివేయుడు.