దౌలత్, దెవ్లెత్

మా ఉర్దూలో దౌలత్ అంటే సంపద. తుర్కీలో అదే మాట దెవ్లెత్, అర్థం రాజ్యం. అక్కడ 'దెరిన్ దెవ్లెత్' అంటే లోతు రాజ్యం. జనం ఓట్లేసి గెలిపించిన సర్కారు వెనక, ఎవరికీ జవాబు చెప్పని మరో సర్కారు.

ఇది ఉత్త పుకారేనా? 1996 నవంబరు 3న సుసుర్లుక్ దగ్గర ఒక కారు లారీని గుద్దుకుంది. అందులో ఉన్నదెవరు? ఒక పెద్ద పోలీసు అధికారి, పోలీసులే వెతుకుతున్న హంతకుడు, పాలకపక్షపు ఎంపీ. 1997 ఫిబ్రవరిలో జనం రోజూ రాత్రి తొమ్మిదికి ఒక నిమిషం దీపాలార్పి, నిజం చెప్పమని అడిగారు.

తర్వాత ఆ మాట పాలకుల చేతికి కర్రయింది. 2007లో 'ఎర్గెనెకోన్' ముఠా కేసు మొదలైంది. సైనికాధికారులతో పాటు పత్రికలవాళ్లూ జైలుకెళ్లారు. పోలీసుల్లో పాతుకుపోయిన ఒక మత బృందం గురించి పుస్తకం రాస్తున్న అహ్మెత్ షిక్‌నూ 2011లో ఆ ముఠాకే అంటగట్టి జైల్లో పెట్టారు. 2013లో యావజ్జీవ శిక్షలు పడ్డాయి. 2016లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అసలు అలాంటి ముఠా ఉందనే రుజువు కాలేదంది.

ఈ కథ మాకు పరాయిది కాదు. 'లోపలి శత్రువు' ముద్ర మోస్తున్నవాళ్లం మేము. రుజువేదని అడిగీ అడిగీ గొంతు ఎండినవాళ్లం. అలాంటి మేమే ఇరానీ హోటల్లో కూర్చుని, ప్రతి కష్టానికీ ఏదో కనపడని చెయ్యే కారణమంటే ఎలా? రహస్యాధికారాన్ని అనుమానించాల్సిందే. కానీ సుసుర్లుక్‌లో పేర్లున్నాయి, మనుషులున్నారు. మాకు కావలసిందీ అవే. లేకపోతే మా అనుమానమే రేపు మా మీదికే కేసై వస్తుంది.